1600 మీటర్లు 9:40 దగ్గరే ఆగింది, 7:15 కి ఎలా దించాలి?

మొదటిరౌండ్

అందరికీ నమస్తే. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి ఫిజికల్ టెస్టులు) కోసం గ్రౌండ్ కొడుతున్నా. తెలంగాణలో 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు. నా టైమింగ్ 9:40. రౌండ్ల వారీగా 1:55, 2:25, 2:42, 2:38. రోజూ పొద్దున 1600 ఫుల్ స్పీడ్‌లో ఒకసారి, తర్వాత 100 మీటర్లు నాలుగైదు, అంతే నా ప్రాక్టీస్. ఎత్తు 172, బరువు 76.

రెండో రౌండ్ సగంలోనే దమ్ము అయిపోతుంది. ఒక్కోసారి కుడి డొక్కలో పోటు. మోకాలి కింద ముందెముకకు లోపలివైపు నొప్పి కూడా మొదలైంది. చేతిలో నాలుగు నెలలు ఉన్నాయనుకుని చెప్పండి అన్నలూ.

పీఈటీ_మాస్టారు

తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం. 7:15 అంటే 435 సెకన్లు. 400 మీటర్ల రౌండ్‌కి 1:48.7, అంటే 1:49 లోపు. 200 కి 54 సెకన్లు, 100 కి 27. కిలోమీటర్‌కి 4:32. ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెప్పేలా ఉండాలి. ఇకమీదట నీ ప్రాక్టీసంతా వీటి చుట్టూనే.

ఇప్పుడు నీ రౌండ్లు చూడు. మొదటిది 1:55. అంటే నువ్వు ఫుల్ స్పీడ్ అనుకుంటున్నది 7:40 వేగమే. దాన్ని కూడా ఒక్క రౌండ్‌కి మించి పట్టుకోలేక రెండో రౌండ్‌లో 30 సెకన్లు, మూడోదాంట్లో ఇంకో 17 సెకన్లు పోగొట్టుకున్నావు. చివరి రౌండ్‌లో 4 సెకన్లు తిరిగొచ్చాయి, కాబట్టి కాళ్లలో సత్తువ ఉంది. లేనిది దమ్ము. 100 మీటర్లు 27 సెకన్లలో కొట్టడం నీకు కష్టమే కాదు. అదే వేగాన్ని ఏడు నిమిషాలపాటు మోయడమే కష్టం.

రేపటి నుంచి రోజూ 1600 ఫుల్‌గా కొట్టడం ఆపెయ్. అది పరీక్ష, ప్రాక్టీస్ కాదు. నాలుగు వారాలకోసారి టైమ్ పెట్టుకుని కొట్టు, చాలు.

చెరువుకట్ట

మాస్టారు చెప్పింది కరెక్ట్. మొదటి నాలుగు వారాలు ఇలా చేయండి.

వారానికి నాలుగు రోజులు, రోజు విడిచి రోజు. ముందు 5 నిమిషాలు నడక. మొదటి వారం 3 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, ఇలా ఎనిమిది సార్లు. రెండో వారం 5 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక, ఆరు సార్లు. మూడో వారం 10 నిమిషాల పరుగు మూడు సార్లు, మధ్యలో 1 నిమిషం నడక. నాలుగో వారానికి ఆగకుండా 30 నిమిషాలు. ఆదివారం మాత్రం ఇంకో 10 నిమిషాలు కలపండి.

వేగం చాలా ముఖ్యం, ఇక్కడే అందరూ తప్పుతారు. 400 మీటర్ల రౌండ్‌కి 3 నిమిషాల నుంచి 3:20. అవును, అంత నెమ్మదిగానే. పక్కన పరిగెత్తేవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు ముక్కలకే ఊపిరి అందకపోతే వేగం ఎక్కువైనట్టు. మొదటి వారం అవమానంగా ఉంటుంది. పక్కనుంచి స్కూల్ పిల్లలు దాటిపోతారు, పోనివ్వండి. ఫ్రెండ్‌తో కలిసి వెళ్తే మూడో రౌండ్‌కల్లా ఇద్దరూ పోటీ పడటం మొదలవుతుంది, అందుకని ఈ నెల ఒంటరిగా వెళ్లినా నష్టం లేదు.

మూడో వారం నుంచి, పరుగు అయిపోయాక 80 మీటర్లు నాలుగుసార్లు కాస్త వేగంగా కొట్టండి. పూర్తి వేగంలో పది వంతులుంటే ఎనిమిది వంతులు చాలు. నడుస్తూ వెనక్కొచ్చి, ఊపిరి మామూలయ్యాకే తర్వాతది. దీంతో కాళ్లకు వేగం గుర్తుంటుంది, అలసట మాత్రం రాదు.

ఉరుకుడు_గ్యాంగ్

గిట్ల స్లోగా ఉరికితే స్లోనే అలవాటైతది కదా అన్నా? మా గ్రౌండ్ల అందరూ డైలీ ఫుల్ స్పీడే కొడతరు. అట్ల కొట్టి క్వాలిఫై అయినోళ్లు మస్తు మంది ఉన్నరు.

చెరువుకట్ట

ఉన్నారు, కాదనను. వాళ్లలో చాలామంది చిన్నప్పటి నుంచి కబడ్డీ, ఫుట్‌బాల్ ఆడినవాళ్లో, పొలం పని చేసినవాళ్లో అయివుంటారు. దమ్ము అప్పటికే ఉంది, ఫుల్ స్పీడ్ దానికి పదును పెట్టిందంతే. అదే పద్ధతిలో కొట్టి కాలు నొప్పితో ఇంట్లో కూర్చున్నవాళ్లు గ్రౌండ్‌లో కనపడరు, అందుకే లెక్కలోకి రారు.

ఏడు నిమిషాల పరుగులో ఖర్చయ్యే శక్తిలో పదింట ఎనిమిది వంతులకు పైగా ఆక్సిజన్‌తో తయారయ్యేదే. ఆ ఆక్సిజన్ కండరానికి చేరాలంటే గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం పంపాలి, కండరంలో సన్న రక్తనాళాలు పెరగాలి, శక్తి తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి. ఈ మూడూ రావాలంటే ఎక్కువసేపు పరిగెత్తాలి. ఫుల్ స్పీడ్‌లో నువ్వు పది నిమిషాలకు మించి చేయలేవు, నెమ్మదిగా అయితే నలభై నిమిషాలు చేయగలవు. మర్నాడు కూడా కాళ్లు పట్టేయవు.

ఇంకోటి. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి. ఎముకలు, టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీలు) గట్టిపడటానికి నెలలు పడుతుంది. దమ్ము వచ్చేసిందని రెండో నెలలో ఉత్సాహం పెరిగే సమయానికి కాళ్లు ఇంకా సిద్ధంగా ఉండవు. దెబ్బలన్నీ అప్పుడే తగులుతాయి.

ఫిజియో_విశాఖ

ప్రశ్న అడిగిన బాబుకి ముందు కాలు నొప్పి సంగతి. ముందెముక లోపలి అంచు వెంబడి, మోకాలికీ చీలమండకీ మధ్య కింది భాగంలో, బొటనవేలితో నొక్కుకుంటూ కిందికి రండి. జానెడు మేర అక్కడక్కడా నొప్పి పుడితే అది మామూలు షిన్ పెయిన్. ఎముకకు అలవాటు లేని బరువు ఒక్కసారిగా పడటం వల్ల వస్తుంది. పరుగు మొదట్లో నొప్పి ఉండి, వేడెక్కాక తగ్గి, ఆపాక మళ్లీ రావడం దీని లక్షణం.

అలా కాకుండా ఒక్కచోటే, వేలి కొనంత మేర, నొక్కితే ప్రాణం లేచిపోయేలా ఉంటే, నడిచినా, రాత్రి పడుకున్నా నొప్పి ఉంటే అది ఎముకలో సన్న పగులు అయివుండొచ్చు. ఆ కాలి మీద గెంతి చూద్దామని అస్సలు అనుకోకండి. పరుగు ఆపి ఎముకల డాక్టర్‌కి చూపించండి. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని పరుగు మొదలెట్టకూడదు.

మామూలు షిన్ పెయిన్ అయితే వారం పది రోజులు పరుగు బదులు సైకిల్ గానీ ఈత గానీ. పరుగయ్యాక 10 నిమిషాలు ఐస్ పెడితే నొప్పి తగ్గుతుంది, కారణం మాత్రం తగ్గదు. కారణం తగ్గాలంటే పిక్కల బలం పెరగాలి. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి మడమ లేపడం, 3 సెకన్లలో దించడం, 15 చొప్పున మూడు విడతలు, వారానికి మూడు రోజులు. రెండు కాళ్లతో తేలికయ్యాక ఒక్కో కాలితో. మోకాలు కాస్త వంచి చేసేది ఇంకో విడత కలపండి, పిక్కల అడుగున ఉండే కండరానికి అది అవసరం.

తారు రోడ్డు, సిమెంట్ రోడ్డు వదిలి మట్టి మీద పరిగెత్తండి. రౌండ్లు ఎప్పుడూ ఒకే దిక్కుకు తిరిగితే లోపలి కాలి మీద భారం పడుతుంది, నెమ్మది పరుగుల్లో దిక్కు మార్చండి.

మొదటిరౌండ్

థాంక్యూ మేడమ్. నొక్కి చూశా, ఒక్కచోట కాదు, జానెడు మేర ఉంది. వారం సైకిల్ తొక్కుతా. షూస్ సంగతి కూడా చెప్పండి. ఇప్పుడు క్యాన్వాస్ షూస్‌తో కొడుతున్నా. మా దగ్గర సగం మంది ఉత్త కాళ్లతోనే ఉరుకుతారు.

ఫిజియో_విశాఖ

క్యాన్వాస్ వద్దు, అడుగు పల్చన, మడమ దగ్గర పట్టు ఉండదు. పరుగు కోసం చేసిన మామూలు షూస్ చాలు, ఖరీదైనవి అక్కర్లేదు. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. నిలబడినప్పుడు పొడవైన వేలికి, షూ కొసకి మధ్య బొటనవేలంత ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు. 500 నుంచి 800 కిలోమీటర్ల దాకా పనికొస్తాయి.

ఉత్త కాళ్లతో ఏళ్ల తరబడి పరిగెత్తినవాళ్లకి అరికాలు, పిక్కలు దానికి అలవాటుపడి ఉంటాయి, వాళ్లను మార్చొద్దు. మీరు వాళ్లను చూసి షూ విప్పేస్తే పదిహేను రోజుల్లో పిక్కలు పట్టేస్తాయి. పల్లేరు కాయలు ఎలాగూ ఉండనే ఉన్నాయి. ఈవెంట్‌కి చివరి నెలలో మాత్రం ఏ మార్పూ చేయకండి, కొత్త షూ కూడా.

పీఈటీ_మాస్టారు

ఇప్పుడు రెండో దశ. ఐదో వారం నుంచి, అదీ 30 నిమిషాలు ఆగకుండా పరిగెత్తగలిగితేనే.

మంగళవారం 200 మీటర్లు ఎనిమిది. ఒక్కోటి 54 నుంచి 56 సెకన్లు. మధ్యలో 200 మీటర్లు నడక, దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఇక్కడ చూసుకోవాల్సింది ఎనిమిదోది. మొదటిది 48 లో కొట్టి ఎనిమిదోది 62 లో ముగిస్తే ఆ రోజు ప్రాక్టీస్ దండగ. ఎనిమిదీ రెండు సెకన్ల తేడాలో ఉండాలి. వాచీ చూడకుండా 54 ఎంత వేగమో కాళ్లకు తెలియడమే ఈ కసరత్తు మొత్తానికీ అసలు లాభం.

ఏడు, ఎనిమిది వారాల్లో 400 మీటర్లు ఐదు, ఒక్కోటి 1:57 నుంచి 2 నిమిషాలు, మధ్యలో రెండున్నర నిమిషాలు నడక. తొమ్మిది నుంచి పదకొండు వారాల దాకా 400 మీటర్లు ఆరు, మెల్లగా 1:53 కి, తర్వాత 1:48 కి. పన్నెండో వారం నుంచి 800 మీటర్లు రెండు, ఒక్కోటి 3:37, మధ్యలో 4 నిమిషాలు. కాస్త ఆగి 400 ఒకటి. పద్నాలుగో వారంలో 1200 ఒకటి 5:26 లో, 5 నిమిషాలు ఆగి 400 ఒకటి 1:45 లో. ఇది చేయగలిగితే 7:15 నీ చేతిలో ఉన్నట్టే.

శుక్రవారం ఇంకో రకం. 10 నిమిషాలు నెమ్మదిగా, తర్వాత 15 నిమిషాలు గట్టిగా, మళ్లీ 5 నిమిషాలు నెమ్మదిగా. గట్టిగా అంటే నాలుగైదు మాటలే అనగలిగే వేగం, కానీ ఆయాసంతో ఆగిపోయేది కాదు. ఆ వేగంలోనే ఇంకో ఐదు నిమిషాలు పోగలను అనిపించాలి. రెండు వారాలకోసారి మూడు నిమిషాలు పెంచుతూ 18, 21 దాకా.

బుధవారం 30 నిమిషాలు నెమ్మదిగా, ఆదివారం 50 నుంచి 60 నిమిషాలు నెమ్మదిగా. మిగతా మూడు రోజుల్లో రెండు రోజులు బలానికి, ఒకరోజు పూర్తి విశ్రాంతి. ప్రతి నాలుగో వారం అన్నీ మూడో వంతు తగ్గించు, ఆ వారం చివర్లోనే 1600 టైమ్ తీసుకో.

ఉరుకుడు_గ్యాంగ్

మా ఊళ్లె గ్రౌండే లేదు సార్. చెరువు కట్ట మీద, బీటీ రోడ్డు మీద ఉరుకుడే. 200 లు, 400 లు ఎట్ల కొట్టాలె?

చెరువుకట్ట

కరెంటు స్తంభాలున్నాయిగా. రెండు స్తంభాలు వేగంగా, రెండు నెమ్మదిగా, అలా 20 నిమిషాలు. లేదా వాచీతో ఒక నిమిషం వేగం, ఒకటిన్నర నిమిషం నెమ్మది, పదిసార్లు. స్వీడన్‌లో 1930ల నుంచి ఉన్న ఫార్ట్‌లెక్ పద్ధతి ఇదే, అక్కడ స్తంభాల బదులు అడవి దారులు. స్తంభాల దూరం అన్నిచోట్లా ఒకేలా ఉండదు, కాబట్టి టైమింగ్‌తో పోల్చుకోవద్దు. పదిహేను రోజులకోసారైనా కొలిచిన గ్రౌండ్‌కి వెళ్లి 54 సెకన్ల వేగం చూసుకోవాలి.

లేన్_ఒకటి

గ్రౌండ్ కొలత మాటొచ్చింది కాబట్టి. కాలేజీ గ్రౌండ్లలో సున్నంతో గీసిన ట్రాక్ చాలాచోట్ల సరిగ్గా 400 ఉండదు. ఫోన్ జీపీఎస్‌ని నమ్మొద్దు, మలుపుల్లో అది అడ్డదారి గీసుకుంటుంది, రౌండ్‌కి పది ఇరవై మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. 50 మీటర్ల టేపుంటే సరే. లేకపోతే సైకిల్ ముందు టైరుకి సుద్దతో గీత పెట్టి, ఒక చుట్టుకి ఎంత దూరం వస్తుందో నేల మీద టేపుతో కొలవండి. సైకిల్ మీద కూర్చుని కొలవాలి, బరువుకి టైరు నొక్కుకుంటుంది. తర్వాత ట్రాక్ లోపలి గీతకు 20 సెంటీమీటర్ల దూరంలో నడిపిస్తూ చుట్లు లెక్కపెట్టండి.

ఎందుకింత పట్టింపు అంటే, గ్రౌండ్ 380 మీటర్లే ఉంటే నాలుగు రౌండ్లకి 1520. మీ 9:40 అసలు 1600 కి 10:10 అవుతుంది. ఈవెంట్ రోజు ఇలాంటి లెక్క తేలితే చేయగలిగిందేమీ లేదు.

ఇంకో విషయం. ఒక లేన్ వెడల్పు 1.22 మీటర్లు. ఒక మలుపులో ఒక లేన్ బయటినుంచి పరిగెత్తితే దాదాపు 3.8 మీటర్లు అదనం. నాలుగు రౌండ్లలో ఎనిమిది మలుపులు, మొత్తం 30 మీటర్లు. 7:15 వేగంలో అది 8 సెకన్లు! గుంపులో ఎవరినైనా దాటాలంటే మలుపులో దాటకండి, వెనకాలే ఉండి తిన్నటి దారిలో దాటండి.

దీప_800

ఆడవాళ్ల సంగతి ఎవరూ చెప్పట్లేదు. తెలంగాణలో మాకు 800 మీటర్లు 5:20. ఆంధ్రలో 1600 మీటర్లు 10:30. ఈ రెండింటికీ ప్రాక్టీస్ ఒకటేనా?

పీఈటీ_మాస్టారు

వేగం చూస్తే దగ్గర దగ్గరే అమ్మా. 5:20 అంటే రౌండ్‌కి 2:40. ఆంధ్రలో 10:30 అంటే రౌండ్‌కి 2:37. అంటే ఆంధ్ర వాళ్లకి కాస్త ఎక్కువ వేగంతో రెట్టింపు దూరం. రెండిటికీ పైన చెప్పిన నెమ్మది పరుగు నెల తప్పనిసరి. తర్వాత 800 కి సిద్ధమయ్యేవాళ్లు 200 మీటర్లు ఆరు, 1:15 నుంచి 1:18 లో. 400 మీటర్లు మూడు, 2:35 లో. 1600 వాళ్లు 400 మీటర్లు ఐదు, 2:35 లో, మధ్యలో రెండు నిమిషాలు.

ఆంధ్ర మగవాళ్లకి 1600 ఎనిమిది నిమిషాలు, రౌండ్‌కి సరిగ్గా 2 నిమిషాలు. అక్కడ దాంతోపాటు 100 మీటర్లు గానీ లాంగ్ జంప్ గానీ ఒకటి గట్టెక్కాలి. 100 మగవాళ్లకి 15 సెకన్లు, ఆడవాళ్లకి 18. ఏ రాష్ట్రమైనా కొత్త నోటిఫికేషన్ వచ్చాక అందులో ఉన్న అంకెలే చూసుకోవాలి, పాత వీడియోలు కాదు.

ఫిజియో_విశాఖ

దీప గారూ, ఇంకో ముఖ్యమైన విషయం. సరిగ్గా ప్రాక్టీస్ చేస్తున్నా ఆరు వారాలకి టైమింగ్ కదలకపోతే, మెట్లెక్కినా ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ టెస్ట్ చేయించుకోండి. ఆడవాళ్లకి 12, మగవాళ్లకి 13 కన్నా తక్కువుంటే రక్తహీనత కిందే లెక్క. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే కాబట్టి అది తక్కువుంటే ఏ ప్లానూ పనిచేయదు. మాత్రలు డాక్టర్ చెప్పినట్టు వాడండి. తోటకూర, మునగాకు, రాగులు, శనగలు, వీలైతే మాంసం తినండి. తినేటప్పుడు నిమ్మకాయ పిండుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఒంటబట్టదు, గంట ఆగండి.

నాగార్జునసాగర్_ఎక్స్‌ప్రెస్

ముక్కుతోనే గాలి పీల్చాలి, నోరు మూసుకుని పరిగెత్తాలి అని మా కోచింగ్ సార్ అంటారు. కరెక్టేనా? అలాగే నిమిషానికి 180 అడుగులు పడాలట.

లేన్_ఒకటి

7:15 వేగంలో నోరు మూసుకుంటే మొదటి రౌండ్ కూడా దాటలేవు బ్రో. కావలసిన గాలి ముక్కుతో సరిపోదు. వార్మప్‌లో, నెమ్మది పరుగులో ముక్కుతో పీల్చు, ఇబ్బంది లేదు. వేగంలో నోరూ ముక్కూ రెండూ. రెండు అడుగులకు పీల్చడం, రెండు అడుగులకు వదలడం చాలామందికి కుదురుతుంది. వదలడం మీద దృష్టి పెట్టు, పూర్తిగా వదిలితే పీల్చడం దానంతట అదే జరుగుతుంది.

డొక్కలో పోటు వస్తే వేగం కాస్త తగ్గించి, పోటు ఉన్నచోట మూడు వేళ్లతో నొక్కి, పెదాలు బిగించి దీర్ఘంగా వదులు. పరుగుకు ముందు రెండు గంటల్లో కడుపు నిండా తినడం, పది నిమిషాల ముందు అర లీటర్ నీళ్లు ఒక్కసారిగా తాగడం, తియ్యటి జ్యూస్, ఇవే ఎక్కువగా కారణం.

180 సంగతి. అందరికీ ఒకే అంకె ఉండదు. ఎత్తు, వేగం బట్టి మారుతుంది. కుడి కాలు 30 సెకన్లలో ఎన్నిసార్లు నేల తాకిందో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేసి చూడు. లక్ష్య వేగంలో 160 కన్నా తక్కువ వస్తుంటే అంగలు మరీ పొడుగు వేస్తున్నట్టు. పాదం మోకాలికి చాలా ముందు, మడమ గుద్దుకుంటూ పడుతుంది, అదే బ్రేక్. ముందెముక నొప్పికీ అదొక కారణం. ఐదు శాతం పెంచితే చాలు, 160 ఉంటే 168. వేగం పెంచమంటే కొత్తవాళ్లంతా అంగ పెంచుతారు. అడుగుల లెక్క పెంచాలి.

చేతులు: మోచేయి దాదాపు 90 డిగ్రీలు, పిడికిలి వదులుగా, చేతులు బొడ్డు దాటి అవతలివైపు ఊగకూడదు. మూడో రౌండ్‌లో భుజాలు చెవులదాకా లేస్తాయి, అప్పుడు ఒకసారి చేతులు కిందికి వదిలి దులుపుకో.

అగ్ని_ఆశావహుడు

7:15 కే ఇంత తంటా అయితే ఆర్మీ అగ్నివీర్‌కి 1.6 కిలోమీటర్లు 5:30 లో కొడితేనే ఫుల్ మార్కులు. రౌండ్‌కి 82 సెకన్లు 😓

పీఈటీ_మాస్టారు

అది వేరే ప్రాక్టీస్, వేరే టాపిక్ పెట్టు. ఇక్కడ కలిపితే ఈ తమ్ముడు రేపు 400 లు 82 లో కొట్టబోయి తొడ పట్టేసుకుంటాడు.

బలానికి రెండు రోజులు అన్నాను కదా, అది చెప్పనే లేదు. గోడకి వీపు ఆనించకుండా మామూలు గుంజీలు 15, లంజెస్ (ఒక కాలు ముందుకేసి మోకాళ్లు వంచి లేవడం) ఒక్కో కాలికి 10, వెల్లకిలా పడుకుని నడుము పైకి లేపడం 15, ప్లాంక్ (మోచేతులు, మునివేళ్ల మీద ఒళ్లు బల్లలా నిలపడం) 40 సెకన్లు, మేడమ్ చెప్పిన పిక్కల కసరత్తు. మూడు విడతలు, మొత్తం అరగంట. ఇంటర్వెల్ రోజుకి, అంటే 200 లు, 400 లు కొట్టే మంగళవారానికి, ముందురోజు చేయకూడదు. కాబట్టి సోమవారం విశ్రాంతి, బలం గురువారం, శనివారం. శుక్రవారం గట్టి పరుగుకి కాళ్లు బరువుగా ఉంటే గురువారం గుంజీలు, లంజెస్ సగం చెయ్.

బరువు 76. అన్నం మానేసి పది కిలోలు తగ్గాలని చూడకు, దమ్ముతోపాటు కండ కూడా పోతుంది. నాలుగు నెలల్లో మూడు నాలుగు కిలోలు తగ్గితే చాలు. రాత్రి అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, గుడ్లు పెంచు. కూల్‌డ్రింక్, బజ్జీలు ఆపెయ్.

చెరువుకట్ట

ఎండల్లో ప్రాక్టీస్ చేసేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్, మే నెలల్లో టైమింగ్ పడిపోతే దమ్ము తగ్గినట్టు కాదు. రక్తం కండరాలకే కాదు, ఒంటిని చల్లబరచడానికి చర్మానికి కూడా వెళ్లాలి, అందుకే అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కోస్తాలో ఉక్క వల్ల చెమట ఆరదు, ఇంకా కష్టం. వేసవికి ఒళ్లు అలవాటు పడటానికి పది పద్నాలుగు రోజులు పడుతుంది. తెల్లారి ఐదున్నరకి మొదలెట్టి ఏడింటికల్లా ముగించండి. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్ లీటర్ నీళ్లకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. ప్యాకెట్ మీద చూసి కలపండి. గ్లాసుడు నీళ్లలో పెద్ద ప్యాకెట్ కలిపి తాగితే మేలు కన్నా కీడే ఎక్కువ.

పరిగెత్తేవాడు తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ ఒళ్లు కాలిపోతుంటే వడదెబ్బ. నీడకి తీసుకెళ్లి, తల, మెడ, చంకలు, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసురుతూనే 108 కి ఫోన్ చేయండి.

మొదటిరౌండ్

ఒక డౌట్. ఈవెంట్ రోజు ఇంజెక్షన్ వేసుకుంటే ఆయాసం రాదని, నొప్పి మాత్ర వేసుకుంటే కాలు తెలియదని గ్రౌండ్‌లో చెప్పుకుంటున్నారు.

ఫిజియో_విశాఖ

వద్దు. ఆ ఇంజెక్షన్‌లో ఏముందో అమ్మేవాడికే తెలియదు. చెమట పట్టి నీళ్లు తగ్గిన ఒంట్లో నొప్పి మాత్రలు కిడ్నీల మీద దెబ్బ కొడతాయి. పైగా నొప్పి తెలియకుండా పరిగెత్తితే సన్న పగులు పూర్తిగా విరుగుతుంది. పరుగులో ఛాతీ పట్టేసినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉన్నా, ప్రాక్టీస్ ఆపి ముందు ఈసీజీ తీయించుకుని డాక్టర్‌ని కలవండి.

పీఈటీ_మాస్టారు

ఈవెంట్ రోజు సంగతి కూడా చెప్పేస్తా, మళ్లీ అడగకుండా.

చివరి రెండు వారాలు దూరం సగానికి తగ్గించు, వేగం తగ్గించకు. చివరి గట్టి ప్రాక్టీస్ ఐదు రోజుల ముందు, 400 మీటర్లు మూడు 1:46 లో. ఆఖరి రెండు రోజులు 15 నిమిషాల నెమ్మది పరుగో, విశ్రాంతో.

తెలంగాణలో 2022లో ఈవెంట్స్ డిసెంబర్‌లో మొదలయ్యాయి. తెల్లారి చలి, సర్టిఫికెట్ల క్యూ, నీ బ్యాచ్ వచ్చేసరికి గంటల తరబడి ఆలస్యం కావచ్చు. ఒక అరటిపండు గంట ముందు తిను, రెండోది సంచిలో ఉంచుకో. నీళ్లు గుక్క గుక్కగా. స్వెటర్ చివరి నిమిషం దాకా విప్పకు. పిలుపుకి 20 నిమిషాల ముందు 8 నిమిషాలు జాగింగ్, కాళ్లు ముందుకీ వెనక్కీ ఊపడం, మోకాళ్లు ఎత్తడం, 60 మీటర్లు మూడు. బ్యాచ్ ఆలస్యమైతే నిలబడ్డచోటే గెంతుతూ వెచ్చగా ఉండు.

రౌండ్లు 1:45, 1:47, 1:48, 1:45. మొత్తం 7:05. పది సెకన్లు చేతిలో ఎందుకంటే మొదట్లో గుంపు తోపులాటలో మూడు నాలుగు సెకన్లు, బయటి లేన్‌లో ఇంకొన్ని పోతాయి. విజిల్ వేయగానే సగం మంది 100 మీటర్లు 20 సెకన్లలో దూకుతారు. వాళ్లతో పోకు. మొదటి 200 వాచీలో 52 కన్నా తక్కువ చూపిస్తే తగ్గు. వాచీ అనుమతించకపోతే మంగళవారాలు చేసిన 200 లే నీ వాచీ. మూడో రౌండ్‌లో ఎంత కష్టంగా ఉన్నా అడుగుల లెక్క తగ్గకుండా చూసుకో, అందరూ అక్కడే పోగొట్టుకుంటారు. చివరి 300 నుంచి పెంచు. గీత దాటేదాకా ఆగకు, గీత ముందు ఆగి పడిపోయేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు.

9:40 నుంచి నాలుగు నెలల్లో 7:15 పెద్ద దూకుడే. నెలకోసారి తీసే టైమింగ్ 8:50, 8:10, 7:35, 7:10 అలా దిగితే దారిలో ఉన్నట్టు. రెండో టైమింగ్ 8:30 కన్నా ఎక్కువుంటే ఇంటర్వెల్స్ పెంచకు, ఆదివారం పరుగు పెంచు.

మొదటిరౌండ్

సార్, సైకిల్‌తో గ్రౌండ్ కొలిచాం. 386 మీటర్లే ఉంది. అంటే నాలుగు రౌండ్లకి 1544. ఇప్పుడు రౌండ్ టైమింగ్‌లు ఎలా పెట్టుకోవాలి?

లేన్_ఒకటి

అయితే మీ 9:40 అసలు 10:01 అన్నమాట. కంగారేం లేదు, ప్లాన్ అదే. ముగింపు గీత నుంచి వెనక్కి 56 మీటర్లు కొలిచి సున్నంతో ఇంకో గీత కొట్టండి. అక్కడ మొదలుపెట్టి, నాలుగు రౌండ్లు పూర్తిచేసి పాత గీత దగ్గర వాచీ ఆపితే సరిగ్గా 1600. 7:15 కావాలంటే ఆ 56 మీటర్లు 15 సెకన్లు, తర్వాత ఒక్కో రౌండ్ 1:45. ఇంటర్వెల్స్‌కి 200, 400 టేపుతో కొలిచి రెండు రాళ్లు పాతేయండి. పిల్లలు క్రికెట్‌కి పీక్కుపోతారు, కాబట్టి కాస్త లోతుగా.